ఎవరికి నాచురల్?

‘నాచురల్’ అనే మాట మీద నాకు ఈమధ్య ఒళ్ళుమంటగా ఉంది. సబ్బు నాచురల్, షాంపూ నాచురల్, ఆఖరికి ప్లాస్టిక్ డబ్బాలో వచ్చే సున్నిపిండి కూడా నాచురల్. అవి పోనీలెండి, ఇష్టమైతే కొంటాం, లేకపోతే మానేస్తాం. థైరాయిడ్ మందు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఊరుకోలేకపోతున్నాను. ఇది మగవాళ్ళ కంటే మన ఆడవాళ్ళకే ఎక్కువగా వచ్చే జబ్బు. పదకొండేళ్ళుగా పొద్దున లేవగానే ఆ చిన్న మాత్ర వేసుకుంటున్నదాన్ని నేను కూడా.

డల్లాస్‌లో ఉండే మా అక్క కూతురు ఆమధ్య వీడియో కాల్‌లో, “పిన్నీ, నువ్వింకా ఆ సింథటిక్ మాత్రేనా? నేను నాచురల్‌కి మారిపోయాను, అందులో కెమికల్స్ ఉండవు” అంది. సీసా వెనక్కి తిప్పి చదవవే అన్నాను. చదివింది. పోర్సైన్ అని ఉంది. అంటే పంది. కబేళాలో తీసిన పంది థైరాయిడ్ గ్రంథిని ఎండబెట్టి, పొడిచేసి, మాత్ర కట్టినదన్నమాట. వాళ్ళింట్లో కోడిగుడ్డు కూడా గడప దాటి రాదు. చిప్స్ ప్యాకెట్ కొన్నా వెనకాల అక్షరం అక్షరం చదివే పిల్ల, నాచురల్ అనగానే చదవడం మానేసింది!

తినేవాళ్ళకి ఆ అభ్యంతరం ఉండకపోవచ్చు. నా గొడవ పందితో కాదు. నాచురలే, కానీ ఎవరికి? పందికి. మన గ్రంథి విడుదల చేసే హార్మోన్లలో టీ4, అంటే థైరాక్సిన్, సుమారు 14 పాళ్ళుంటే టీ3 ఒక పాలు. పంది గ్రంథిలో నాలుగింటికి ఒకటి. టీ3 గబగబా పనిచేసి గబగబా తగ్గిపోతుంది. అది ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం. మనం వేసుకునే లీవోథైరాక్సిన్ మాత్రలో ఉన్నది మాత్రం మన గొంతులో తయారయ్యే థైరాక్సినే, అణువు అణువూ అదే. ఒంట్లో దాదాపు వారం నిలకడగా ఉంటుంది, కావలసినంత టీ3ని లివరూ మిగతా అవయవాలూ దాన్నుంచే చేసుకుంటాయి. ఫ్యాక్టరీలో చేశారు కాబట్టి అది కెమికల్ అంటే, నా గొంతులో తయారయ్యేదీ ఆ కెమికలే.

జంతువుల గ్రంథిని చిన్నచూపు చూడను. 1891లో ఇంగ్లండులో జార్జ్ ముర్రే అనే డాక్టరు, థైరాయిడ్ పూర్తిగా పడిపోయి ఒళ్ళంతా ఉబ్బిపోయిన 46 ఏళ్ళ స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసం ఎక్కించాడు. ఆవిడ ఇంకో 28 ఏళ్ళు బతికింది. అప్పటికి అంతకంటే దారి లేదు. 1914లో అమెరికాలో కెండాల్ థైరాక్సిన్‌ని విడదీశాడు. టన్నుల కొద్దీ పంది గ్రంథులు వాడితే చేతికొచ్చింది కొన్ని గ్రాములు! 1927లో హారింగ్టన్, బార్జర్ దాన్ని ల్యాబులో తయారుచేశారు. ఇవాళ లీవోథైరాక్సిన్ మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉంది, ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఉంది. కొళాయి వచ్చాక మళ్ళీ చెలమ తవ్వుకోవడం ఏమిటండీ?

అయితే రెండోవైపు మాట కూడా చెప్పాలి. 2013లో వాల్టర్ రీడ్ సైనికాసుపత్రి వాళ్ళు 70 మందికి, ఏది వేసుకుంటున్నారో తెలియనివ్వకుండా, కొన్నాళ్ళు ఇదీ కొన్నాళ్ళు అదీ ఇచ్చి చూశారు. మొత్తం మీద లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ దాదాపు సగం మంది పంది మాత్రే బాగుందన్నారు, బరువు కూడా కాస్త తగ్గారు. వాళ్ళు అబద్ధమాడారని అనను. టీఎస్‌హెచ్ సరిగ్గా ఉన్నా నీరసం, జుట్టు రాలడం, మనసు బాగోకపోవడం తగ్గనివాళ్ళు మనలోనే ఉన్నారు. వాళ్ళకి థైరాక్సిన్‌తో పాటు కొలతగా టీ3 కలిపి ఇచ్చి చూసే డాక్టర్లూ ఉన్నారు. ఆ టీ3 మాత్ర కూడా సింథటిక్కే సుమండీ.

నా అసలు కోపం ఇక్కడే. రిపోర్టు చూసి, “నార్మలేనమ్మా, ఇంట్లో టెన్షన్లు తగ్గించుకోండి” అని రెండు నిమిషాల్లో పంపించేస్తే ఆడది ఎక్కడికి పోతుంది? ఓపిగ్గా వినేవాళ్ళ దగ్గరికి పోతుంది. వాళ్ళు అక్కడ పంది మాత్ర అమ్ముతారు, ఇక్కడ ధనియాల నీళ్ళు తాగమని వీడియో పెడతారు.

ధనియాల నీళ్ళు తాగితే తాగండి, రసంలో వేసుకునేవే కదా. వాటిని నమ్ముకుని మాత్ర ఆపితేనే ప్రమాదం. మా ఆడపడుచు కోడలు రెండో నెలలో, కడుపులో బిడ్డకి సింథటిక్ పడదని ఎవరో చెబితే మాత్ర మానేసింది. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదగడానికి కావలసిన థైరాక్సిన్ తల్లి దగ్గర్నుంచే వెళ్ళాలి. ఆ సమయంలో చాలామందికి డోసు పెంచాల్సి వస్తుంది కూడా. నెలల పరీక్షలో టీఎస్‌హెచ్ ఆకాశానికెక్కి ఉంది. డాక్టరమ్మ వెంటనే మందు మొదలుపెట్టింది. బిడ్డ క్షేమంగా పుట్టింది, కానీ పుట్టేదాకా ఆ పిల్ల కంటిమీద కునుకు లేదు. గర్భిణులకు పంది మాత్రలు కూడా వద్దు, థైరాక్సినే ఇవ్వండని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2017లోనే చెప్పింది. ఈ సంగతి ఏ నాచురల్ వీడియోలోనూ నాకు వినబడలేదు.

మందు మార్చేముందు మనం వేసుకునే తీరు చూసుకుందాం. మాత్ర పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. (మా ఆయన డికాక్షన్ వాసనకి ఆ గంట ఎలా గడుస్తుందో నాకే తెలుసు.) ఐరన్, కాల్షియం బిళ్ళలకి నాలుగు గంటల ఎడం ఉండాలి. కంపెనీ మారినా, డోసు మారినా ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ మళ్ళీ చూపించుకోవాలి. ఇవన్నీ చేసినా నీరసం తగ్గకపోతే రక్తహీనత, బీ12 కూడా చూడమని అడగండి. ఏ బాధ ఎన్నాళ్ళ నుంచో కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఆ కాగితం డాక్టరు బల్ల మీద పెట్టి, చదివేదాకా కుర్చీలోంచి లేవకండి.