అడవిదున్నని చూడ్డానికి విశాఖ వెళ్లాలా?

సంక్రాంతి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని విశాఖపట్నంలో మా ఆడపడుచు గారింటికి వెళ్లాం. జూ చూపించమని మావాడు రెండేళ్లుగా ఒకటే పోరు. సోమవారం జూకి సెలవని వదిన ముందే చెప్పబట్టి సరిపోయింది. మంగళవారం పులిహోర, పెరుగన్నం కట్టుకుని అత్తగారితో సహా అందరం బయల్దేరాం. ఆ సంచి రోజంతా ఎవరి భుజాన వేలాడిందో మీకు చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల 625 ఎకరాలు. మూడువైపులా కంబాలకొండ అడవి, నాలుగోవైపు సముద్రం. 1977 మే నెల నుంచీ జనం చూస్తున్న జూ అది. జిరాఫీ దగ్గరా, నీటిగుర్రం దగ్గరా మావాడు గైడులా ముందు నడిచి, ఏది ఏ దేశానిదో, ఏం తింటుందో గడగడా చెప్పేశాడు. అన్నీ పుస్తకంలో ఉన్నాయట. తీరా అడవిదున్న దగ్గరకొచ్చేసరికి ఆగిపోయాడు. నల్లగా కొండలా ఉంది, మోకాళ్ల దాకా తెల్లమేజోళ్లు తొడుక్కున్నట్టు కాళ్లు.

"ఇది కూడా ఆఫ్రికాదేనామ్మా?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. మాది పోలవరం. గోదారికి ఎగువన పాపికొండలు. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ అడవిని 2008లో జాతీయ పార్కుగా ప్రకటించారు. అడవిదున్నలకి అది సొంతిల్లు. మన ఊరిదేరా అని వాడికి చెప్పానే గానీ, నిజానికి నేనూ దాన్ని చూడ్డం అదే మొదటిసారి. లాంచీ ఎక్కి ఎన్నిసార్లు పాపికొండలు వెళ్లలేదు! పాటలు పాడుకుంటూ, ఫొటోలు తీసుకుంటూ వెళ్లి రావడమే తప్ప, ఆ చెట్ల వెనక ఎవరుంటారని పిల్లలకి ఒక్కనాడు చెప్పానా?

రేచుకుక్కల దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డాం. ఈ జూలో వాటి సంతతిని పెంచే కేంద్రం ఉంది. మందలో పిల్లలు పుడితే తల్లి ఒక్కతే కాదు, మందంతా తాము తిన్నది కక్కి మరీ వాటికి పెడతాయి. ఆ మాట విని మా అత్తగారు, "మనకంటే నయమే" అన్నారు. ఎవరినన్నారో నేను అడగలేదు.

ఇక జనం సంగతి. నిద్రపోతున్న చిరుతని లేపాలని ఈలలు, కేకలు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న మనిషిని ఇలాగే లేపుతామా? ఒకావిడ పిల్లాడి చేతికి చిప్స్ పొట్లం ఇచ్చి "కోతికి వెయ్యి నాన్నా" అంటోంది. జూలో జంతువుల్ని రెచ్చగొట్టడం, గోల చేసి బెదరగొట్టడం, తిండి వేయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, ఆరు నెలల దాకా జైలు కూడా వెయ్యొచ్చు. చట్టం సంగతి అలా ఉంచండి, పక్కనున్న పిల్లాడు ఏం నేర్చుకుంటాడు?

సాయంత్రం పెదవాల్తేరులో రాణి చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలో ఉన్న బయోడైవర్సిటీ పార్కుకి వెళ్లాం. చిన్న జాగాయే గానీ, ఎన్ని మొక్కలో! అక్కడ మా అత్తగారు విజృంభించారు. మనవడు బోర్డు మీది పేరు కూడబలుక్కుంటూ చదివేలోపు ఆవిడ, "తిప్పతీగ, జ్వరానికి. అడ్డసరం, దగ్గుకి" అంటూ ముందుకు సాగిపోయేవారు. నాలుగైదింటి దగ్గర మాత్రం ఆగి, "ఇవి నాకు తెలీవు. కొండమనుషులకి తెలుస్తాయి" అన్నారు.

ఆ మాటే నన్ను పట్టుకుంది. ఆవిడ చెప్పింది కొండరెడ్ల గురించి. చింతపండు, కుంకుడుకాయలు, కొండచీపుళ్లు పట్టుకుని మన సంతకి వచ్చే ఆడవాళ్లు. రూపాయి తగ్గించమని వాళ్లతో బేరాలాడ్డమే గానీ, మరోమాట ఎప్పుడైనా మాట్లాడామా? ప్రాజెక్టు కోసం దేవరగొంది, మామిడిగొంది లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. వాళ్లని కాలనీలకి తరలించారు. ప్రాజెక్టు వద్దని నేననడం లేదు, నీళ్ల విలువ గోదారి జిల్లాల ఆడదానికి ఒకరు చెప్పాలా? కానీ ఇల్లు కట్టివ్వొచ్చు, పరిహారం ఇవ్వొచ్చు, గుమ్మంలోంచి కనిపించే అడవిని మాత్రం ఎవరూ మోసుకొచ్చి ఇవ్వలేరు. అది కళ్లెదుట లేకపోతే అమ్మమ్మ మనవరాలికి దేన్ని చూపించి పేరు చెబుతుంది? రెండు తరాలు పోతే ఆ పేర్లు ఏ బోర్డు మీదా మిగలవు.

బడులవాళ్లు జూ చూపిస్తామని బస్సులు కడతారు. కట్టనివ్వండి, మంచిదే. ఆ ఖర్చులో ఓ చిన్న వాటాతో, అడవి తెలిసిన ఒక పెద్దావిడని రోజు కూలి ఇచ్చి మరీ బడికి పిలిపించొచ్చు కదా! ఊరికే రమ్మనకూడదు, ఆవిడ సంత పోతుంది. పంతులుగారికి జీతం ఇస్తున్నప్పుడు ఆవిడకి ఇవ్వడానికేం?

ఊరికి తిరిగొచ్చాక సంతలో చీపుళ్లమ్మే ఆవిడకి మావాడు తను చూసొచ్చిన దున్న గురించి చెప్పాడు. ఆవిడ ఒకటే నవ్వు. "దున్నని చూడ్డానికి డబ్బులిచ్చి అంత దూరం పోయారా బాబూ? వెదురు కొమ్ములేసే కాలంలో మా ఊరి పక్కకే వచ్చేవి" అంది.

"ఇప్పుడు రావా?" అన్నాడు వీడు.

"ఇప్పుడూ వస్తాయేమో. మేం లేం కదా అక్కడ" అంది, చీపుళ్లు సర్దుకుంటూ.

ఆ రోజు నేను బేరమాడలేదు.