పట్టాలకు ఉన్న పరీక్ష గోడలకు వద్దా?

సంతలో కొత్త కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు దాన్ని వేలితో కొట్టి చూస్తారు. ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టే. కుండ పగలగొట్టకుండానే దాని గుణం తెలిసిపోతుంది. అతిధ్వనులతో చేసే పరీక్ష కూడా ఇలాంటిదే.

20,000 హెర్ట్జ్‌లు దాటిన ధ్వని మన చెవికి వినిపించదు. రైలు పట్టాల పరీక్షలో అంతకు వంద రెట్లు, అంటే 20 లక్షల హెర్ట్జ్‌ల ధ్వనిని కూడా వాడతారు. ఉక్కులోకి పంపిన ఆ ధ్వని దారిలో పగులు ఉంటే దానికి తగిలి వెనక్కి వస్తుంది. తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి పగులు ఎంత లోతులో ఉందో లెక్కకడతారు.

ఆరంగ్ మహానది స్టేషన్ మీదుగా పోయే రాయపూర్–విజయనగరం మార్గం మనలో చాలామందికి సెలవుల్లో ఊరికి వెళ్లే దారి. రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి దాటుతున్నా నిద్రలో మనకు తెలియదు. రైల్వే సిబ్బంది ఈ పరికరాన్ని పట్టాల మీద తోసుకుంటూ నడిచి, గడువు ప్రకారం లోపలి పగుళ్లను వెతుకుతారు. పైకి మెరుస్తోంది కదా అని ఏ పట్టానూ వదిలిపెట్టరు. మన నిశ్చింత వెనుక వాళ్ల నడక ఉంది.

మరి మనం రోజూ కూర్చునే గదుల సంగతేమిటి? కాంక్రీటుకు కూడా ఈ పరీక్ష ఉంది. స్తంభానికి ఒకవైపు నుంచి ధ్వనిని పంపి, రెండోవైపుకు ఎంతసేపట్లో చేరిందో కొలుస్తారు. 1992 నాటి భారతీయ ప్రమాణం ప్రకారం వేగం సెకనుకు 4.5 కిలోమీటర్లు దాటితే కాంక్రీటు చాలా బాగున్నట్టు లెక్కించేవారు. 3 కిలోమీటర్ల కంటే తగ్గితే అనుమానించేవారు. ఈ ఒక్క అంకెతో బలం ఇంత అని కచ్చితంగా చెప్పలేరు. అయినా ఏ స్తంభాన్ని ముందుగా పట్టించుకోవాలో తెలుస్తుంది.

అందుకే పాత బడులకు, క్వార్టర్లకు కూడా పట్టాలకు ఉన్నట్టే గడువు పెట్టి పరీక్షించాలని మా అభిప్రాయం. ఖర్చు ఎక్కువనుకుంటే, బాగా పాతబడినవి, వానకు కారేవి ముందు చూడవచ్చు. పెచ్చులు ఊడాక సున్నం పూసి ఊరుకోవడం మాత్రం సరికాదు. పరీక్షించిన తేదీని, ఫలితాన్ని అందరికీ కనిపించేలా గోడ మీద రాయాలి. అమ్మకో నాన్నకో బదిలీ వస్తే మనం వెళ్లిపోతాం. ఆ గదిని ఎప్పుడు పరీక్షించారో తెలిసిన పెద్దలకూ బదిలీలు వస్తాయి. గోడకు మాత్రం బదిలీ లేదు. రేపు మన బెంచీ మీద కూర్చునే కొత్త పిల్లలకు ఆ తేదీ కనిపించాలి.