ఊరని పిలిచారు, పందిరిలా పీకేశారు

2008 ఏప్రిల్ 7న డిస్నీ కంపెనీ పిల్లలకు ఒక కబురు చెప్పింది. మూడేళ్లుగా మీరు రోజూ వచ్చి ఆడుకుంటున్న ‘వర్చువల్ మ్యాజిక్ కింగ్‌డమ్’ (వీఎంకే) అనే ఆన్‌లైన్ పార్కును మే 21న మూసేస్తున్నాం అని. ఆరు వారాల గడువు. ఎందుకని అడిగితే, డిస్నీలాండ్ యాభయ్యేళ్ల పండగ ప్రచారం కోసం పెట్టాం, పండగ ఎప్పుడో అయిపోయింది అన్నారు.

ఈ జవాబు తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పెళ్లయ్యాక పందిరి తీసేస్తారు, ఎవరూ తప్పుపట్టరు. కింద కూర్చున్న వాళ్లందరికీ అది పందిరని ముందే తెలుసు. ఇక్కడ పిల్లలకు ఊరని చెప్పారు. గది కట్టుకోమన్నారు, సామాను కొనుక్కోమన్నారు, స్నేహితుల్ని సంపాదించుకోమన్నారు, రేపు మళ్లీ రమ్మన్నారు. అంతా అయ్యాక, అది పందిరేనని చెప్పి గుంజలు పీకారు.

కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీలాండ్ 1955 జులై 17న తెరుచుకుంది. 2005లో దాని స్వర్ణోత్సవాన్ని కంపెనీ తన పార్కులన్నిటా జరిపింది. అందులో భాగంగానే, హాబో హోటల్ అనే ఆన్‌లైన్ లోకాన్ని తయారుచేసిన ఫిన్లాండ్ కంపెనీ సులేక్‌తో కలిసి ఈ ఆన్‌లైన్ పార్కును కట్టించింది. మేలో ప్రయోగాత్మకంగా, జూన్‌లో అధికారికంగా మొదలైంది. డబ్బు కట్టక్కర్లేదు. లోపలికి వెళ్తే మెయిన్ స్ట్రీట్, అడ్వెంచర్‌ల్యాండ్, ఫాంటసీల్యాండ్, టుమారోల్యాండ్. అసలు పార్కులోని రైడ్లే ఇక్కడ ఆటలు. జంగిల్ క్రూజ్‌లో పడవ నడుపుతూ జంతువుల ఫొటోలు తీయాలి. హాంటెడ్ మాన్షన్‌లో దయ్యాలను పట్టాలి. పైరేట్స్‌లో జట్టు కట్టి, ఎదుటి జట్టు ఓడ మీద ఫిరంగులు పేల్చాలి. ఆడితే క్రెడిట్లు వస్తాయి. వాటితో షాపుల్లో టోపీలు, దీపాలు, కుర్చీలు, పిన్నులు కొనుక్కోవచ్చు.

పిల్లలు అక్కడ వేళ్లూనుకున్నది మాత్రం గదుల వల్ల. ప్రతి పిల్లకీ సొంత గది. కంపెనీ అమ్మింది బల్లలూ, కుర్చీలూ, టెలిపోర్టర్లూ. వాటితో పిల్లలు చేసినవి చూడండి. ఒక గదిలో టెలిపోర్టర్ పెట్టి దాన్ని ఇంకో గదికి, అక్కడి నుంచి మరో గదికి కలుపుకుంటూ పోయి, సొంత రైడ్లు కట్టారు. గళ్ల నేల మీద ఒక్కో బల్లనూ జరుపుతూ, మనిషి పట్టేంత సందు వదులుతూ, చిట్టడవులు పేర్చారు. తామే ఒక ఆట పెట్టి, తామే నిబంధనలు చెప్పి, గెలిచిన వాళ్లకు తమ సామానులోంచి బహుమతులు తీసి ఇచ్చారు. అసలు పార్కులో రైడ్లు కట్టే ఇంజినీర్లకు డిస్నీ జీతాలిస్తుంది. ఈ పార్కుకు నిత్యం కొత్తదనం తెచ్చింది జీతం లేని పిల్లలు.

“ఉచితంగా ఇచ్చారు కదా, తీసేసుకుంటే ఏడుపెందుకు?” అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఉచితం ఎవరికి? నిజమైన పార్కుకు వెళ్లి, అక్కడ తిరుగుతూ ఆధారాలు వెతికి, పెట్టిన పరీక్ష పూర్తిచేస్తే పిల్లలకు ఒక కోడ్ దక్కేది. ఇంటికొచ్చి ఆ కోడ్ టైప్ చేస్తే, బయట ఎక్కడా దొరకని సామాను తెర మీది గదిలోకి వచ్చేది. ఆ కోడ్ కోసం తొమ్మిదేళ్ల పిల్ల అమ్మానాన్నల ప్రాణం తీస్తుంది. అమ్మానాన్నలు టికెట్లు కొంటారు, హోటల్ తీసుకుంటారు, అక్కడే తింటారు. ప్రచారం కోసమే పెట్టామని కంపెనీయే చెప్పింది కదా? అంటే పిల్లల సాయంత్రాలు కంపెనీకి ప్రకటనలుగా పనిచేశాయి. పనిచేయించుకున్న వాడు ‘ఉచితం’ అనే మాట ఎత్తకూడదు.

సర్వర్ల ఖర్చంటారా? 2008 ఆర్థిక సంవత్సరంలో డిస్నీ రాబడి సుమారు 3,780 కోట్ల డాలర్లు. లాభం 440 కోట్ల డాలర్లకు పైమాటే. ఈ ఊరిని మూయడానికి ఏడాది ముందు కూడా కాదు, 2007 ఆగస్టులో, క్లబ్ పెంగ్విన్ అనే మరో పిల్లల ఆన్‌లైన్ లోకాన్ని 35 కోట్ల డాలర్లు పోసి కొన్నారు. ఇలాంటి చోటు పిల్లలకు ఎంత ముఖ్యమో వీళ్లకు తెలియదనడానికి వీల్లేదు. రూపాయి అణా పైసలతో సహా తెలుసు.

నాకు అన్నిటికన్నా ఘోరంగా తోచేది ఇంకొకటుంది. దాన్ని ఎవరూ సరిగా పట్టించుకోలేదు.

పదమూడేళ్లలోపు పిల్లల వివరాలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఆన్‌లైన్‌లో సేకరించకూడదని అమెరికాలో 1998లో చట్టం చేశారు. 2000 నుంచి అమలవుతోంది. ఇలాంటి చోట్ల పిల్లలు అసలు పేరు చెప్పరు. ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, బడి పేరు దాటనివ్వకుండా మాటలను వడగడతారు. కాపలా ఉంటుంది. ఇది ఉండాల్సిందే. ఇసుమంత కూడా సడలించమని నేను అడగను. కానీ దీని ఫలితమేమిటో చూడండి. ఒహాయోలో ఒక పదేళ్ల పిల్ల, టెక్సస్‌లో ఒక పదకొండేళ్ల పిల్లవాడు రెండేళ్లపాటు రోజూ ఒకే ఓడెక్కి ఫిరంగులు పేల్చారనుకుందాం. అతని పేరు ఆమెకు తెలియదు, ఆమె ఊరు అతనికి తెలియదు. తెలియకూడదు. వాళ్ల స్నేహానికి ఉన్న ఒకే ఒక్క చిరునామా ఆ ఆన్‌లైన్ ఊరు. దాన్ని మూస్తే వాళ్లు జన్మలో మళ్లీ కలవలేరు. పెద్దవాళ్ల వెబ్‌సైటు మూతపడితే ఫోన్ నంబర్లు మార్చుకుంటారు, ఈమెయిల్ రాసుకుంటారు. పిల్లలకు ఆ దారులన్నీ, వాళ్ల మంచికోసమే, మనమే మూశాం. పిల్లలను ఇలా ఒకే గుమ్మం మీద ఆధారపడేలా చేసిన వాడికి, ఆ గుమ్మం మూసేటప్పుడు పెద్దవాళ్ల విషయంలో కన్నా ఎక్కువ బాధ్యత ఉండదా? తల్లిదండ్రుల అనుమతితో, కంపెనీ మధ్యవర్తిత్వంతో, ఇష్టపడ్డ పిల్లలను మరోచోట కలపడం అంత కష్టమా? తల్లిదండ్రుల ఈమెయిళ్లు అనుమతుల కోసమే తీసుకుంటారు కదా. అనుమతి పుచ్చుకోవడానికి గుర్తొచ్చిన తల్లిదండ్రులు, మూసేటప్పుడు ఎందుకు గుర్తురారు?

పిల్లలూ, వాళ్లతో పాటు ఆడిన పెద్దలూ ఊరుకోలేదు. సంతకాలు సేకరించారు, ఉత్తరాలు రాశారు, డబ్బు కట్టి అయినా ఆడతామన్నారు. వాళ్ల గోడు వినే నాథుడు లేకపోయాడు. మే 21 రాత్రి గుంపులు గుంపులుగా గదుల్లో చేరి, తెర ఆగిపోయేదాకా కూర్చున్నారు.

ఇది ఒకసారి జరిగిన పొరపాటైతే ఇంత రాసేవాణ్ని కాదు. ఇదే కంపెనీ 2003లో మొదలైన టూన్‌టౌన్ ఆన్‌లైన్‌ను 2013 సెప్టెంబరు 19న మూసింది. అదే రోజు పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ ఆన్‌లైన్‌నూ, పిక్సీ హాలోనూ మూసింది. మూడు లోకాలకు ఒకే రోజు ముహూర్తం, నెల రోజుల నోటీసు. 2017 మార్చి చివర్లో క్లబ్ పెంగ్విన్ వంతు వచ్చింది. అక్కడ ఒక మంచుకొండ ఉండేది. అందరం ఒకే అంచున చేరి గెంతితే అది ఒరుగుతుందని పిల్లలు ఏళ్ల తరబడి నమ్మారు. వందల పెంగ్విన్లు గుమిగూడి ఒకవైపే గెంతేవి, తవ్వేవి, మళ్లీ గెంతేవి. చివరి వారాల్లో కంపెనీ ఆ కొండను ఒరగనిచ్చింది. చాలామంది దీన్ని తియ్యటి వీడ్కోలని మెచ్చుకున్నారు. నేను మెచ్చుకోలేను. ఆ నమ్మకం పిల్లల మనసులో ఎంత లోతుగా ఉందో కంపెనీకి చివరిదాకా తెలుసుననడానికి అది సాక్ష్యం. తెలిసి కూడా తుడిచేశారు.

కంపెనీ వదిలేసిన చోట ఏం మొలుస్తుందో కూడా చూశాం. క్లబ్ పెంగ్విన్‌కు నకళ్లు పుట్టాయి. వాటిలో ఒకదాంట్లో జాతి దూషణలు, లైంగిక సందేశాలు పిల్లల మధ్య తిరుగుతున్నాయని 2020లో బీబీసీ బయటపెట్టింది. డిస్నీ నోటీసుతో అది మూతపడింది. మూయించడం న్యాయమే. మరో నకలు, క్లబ్ పెంగ్విన్ రీరిటెన్, లక్షల మందితో నడిచింది. 2022 ఏప్రిల్‌లో కాపీరైట్ ఫిర్యాదు మీద లండన్ పోలీసులు దాన్ని స్వాధీనం చేసుకుని ముగ్గుర్ని అరెస్టు చేశారు. అంటే కంపెనీ తాను నడపదు, కాపలా ఉండదు, ఇంకొకరు నడిపితే పోలీసులను పంపుతుంది. బాధ్యత వదిలేసి హక్కు మాత్రం పట్టుకు కూర్చునే ఈ పద్ధతిని ఏ చట్టమూ ప్రశ్నించకపోవడం నాకు మింగుడుపడదు.

ఇదే డిస్నీ తన సొంత చరిత్ర విషయంలో ఎంత శ్రద్ధగా ఉంటుందో తెలుసా? 1970లోనే ప్రత్యేకంగా ఆర్కైవ్స్ పెట్టుకుంది. సినిమాల దుస్తులు, సామగ్రి, కాగితాలు, వాల్ట్ డిస్నీ ఆఫీసు గదితో సహా భద్రపరిచింది. డిస్నీలాండ్‌లో 1995లో ఆగిపోయిన పీపుల్‌మూవర్ నడిచిన ఎత్తైన దారి దశాబ్దాల తర్వాత కూడా టుమారోల్యాండ్‌లో నిలబడే ఉంది. స్ప్లాష్ మౌంటెన్ రైడ్‌ను మార్చేస్తున్నామని 2020లో ప్రకటించి, 2023లో మూశారు. టికెట్ కొని ఎక్కే రైడ్‌కు రెండున్నరేళ్లకు పైగా వ్యవధి. పిల్లలు తమ చేతులతో కట్టుకున్న ఊరికి ఆరు వారాలు. తన చేతిపని అపురూపం, పిల్లల చేతిపని చెత్త అన్నమాట.

“ఏదైనా ఒకనాటికి ముగియాల్సిందే” అని వేదాంతం చెప్పకండి. శాశ్వతంగా నడపమని ఎవరూ అడగడం లేదు. మన తెలుగు కుర్రకారు రాత్రింబవళ్లు గడిపిన ఆర్కుట్‌నే తీసుకోండి. 2014 జూన్ 30న ప్రకటించి సెప్టెంబరు 30న మూశారు. మూడు నెలల వ్యవధి ఇచ్చారు. మీ ఫొటోలు, మీ రాతలు తీసుకువెళ్లండని మూసిన తర్వాత కూడా రెండేళ్లపాటు దారి తెరిచి ఉంచారు. పెద్దవాళ్లకు చేతనైన మర్యాద పిల్లలకు ఎందుకు చేతకాలేదు? కట్టుకున్న గది బొమ్మనైనా పిల్లకు అప్పగించాలి. పన్నెండు నెలల ముందు చెప్పాలి. ఆ తర్వాత సర్వర్ కోడ్‌ను ఒక గ్రంథాలయానికో మ్యూజియానికో ఇవ్వాలి. ఇది గాలిలో మేడ కాదు. 1986లో లూకాస్‌ఫిల్మ్ తయారుచేసిన హాబిటాట్ అనే తొలితరం ఆన్‌లైన్ లోకాన్ని, దాని కోడ్ సంపాదించి, ఓక్లండ్‌లోని ఒక మ్యూజియం మళ్లీ నడిపించి చూపింది. ఆ లూకాస్‌ఫిల్మ్ 2012 నుంచి డిస్నీదే. మూతపడ్డ ఆన్‌లైన్ ఆటలను భద్రపరచడానికి అమెరికా కాపీరైట్ నిబంధనల్లో 2018లో గ్రంథాలయాలకు, మ్యూజియాలకు మినహాయింపు కూడా వచ్చింది. ఒకటే మెలిక. సర్వర్ కోడ్ వాళ్లకు న్యాయబద్ధంగా అందాలి. అందించాల్సింది కంపెనీ. ఇవ్వమని బలవంతపెట్టే చట్టం లేదు.

చట్టాలు ఇప్పుడిప్పుడే కదులుతున్నాయి. ‘ది క్రూ’ అనే కారు రేసుల ఆట సర్వర్లను 2024లో ఆపేశాక, అమ్మిన ఆటను చంపకూడదంటూ యూరప్‌లో ఉద్యమం లేచింది. పది లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టం చేసింది. డిజిటల్ వస్తువును అమ్మేటప్పుడు, మీరు కొంటున్నది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పాలంది. సంతోషమే. కానీ ఉచితంగా ఇచ్చినవాటికి ఆ చట్టం వర్తించదు. డబ్బు పెట్టిన పెద్దవాడికి రక్షణ మొదలైంది. బాల్యం పెట్టిన పిల్లకు ఇంకా లేదు.

మన దగ్గరా ఇదే కథ నడవబోతోంది. మా అన్నయ్య కూతురు ఫోన్‌లో ఒక ఆటలో ఇల్లు కట్టుకుంది. మెట్ల కింద పిల్లికి గూడు పెట్టింది, గోడకు నాన్న ఫొటో ఉండాలని చదరపు ముక్కలతో ఒక ముఖం పేర్చింది. “బాబాయ్, మా ఇంటికి రా” అని పిలుస్తుంది. ఆ ఇల్లు ఎవరిదో నిబంధనల పత్రంలో రాసి ఉంటుంది, అది ఆమెది కాదు. 2023లో వచ్చిన మన డేటా రక్షణ చట్టంలో వివరాలు చెరిపేయమని అడిగే హక్కుంది. కట్టుకున్నది మూటకట్టి ఇవ్వమని అడిగే హక్కు లేదు. 2025లో తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల మీదే గురిపెట్టింది. హైదరాబాద్‌లో, విశాఖలో, విజయవాడలో ఫోన్ల మీద వంగిన లక్షలాది పిల్లలు ఏయే ఊళ్లు కడుతున్నారో, ఆ ఊళ్లకు ఎవరు ఏ తేదీ రాసిపెట్టుకున్నారో అడిగిన శాసనసభ్యుడు ఒక్కడు నాకు కనబడలేదు. ఎంపీలు అడగాలి. బాలల హక్కుల కమిషన్లు అడగాలి. పిల్లల ఆటకు అనుమతి ఇచ్చేనాడే, మూసేనాడు ఏం చేస్తావో రాసివ్వమని కంపెనీని నిలదీయాలి.

ఇక డిస్నీ. 2005 నాటి ఆ ఊరిలో ఆడిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లు. వాళ్లలో కొందరు మైవీఎంకే పేరుతో దాన్ని మళ్లీ కట్టుకున్నారు. మీరు దాచుకున్న సర్వర్ కోడ్, బొమ్మలు, గదుల నమూనాలు ఏవి మిగిలి ఉన్నా ఒక మ్యూజియానికి అప్పగించండి. ఏమీ మిగల్లేదంటే ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పండి, ఎవరి సంతకంతో చెరిపారో కూడా చెప్పండి.