ప్రతిభాసంలో అమరావతి స్తూపం

"వర్చువల్ రియాలిటీ" అన్న మాటకు మన పత్రికలవారు "మిథ్యా వాస్తవికత" అని ఒక తెలుగు చేశారు. మిథ్య అయినది వాస్తవం ఎట్లా అవుతుందో నాకు బోధపడదు. మన వేదాంతులు సత్తను మూడు తరగతులుగా విభజించారు: పారమార్థికం, వ్యావహారికం, ప్రాతిభాసికం. త్రాటిలో తోచే పాము మూడవ తరగతిది. కళ్లకు పెట్టె తగిలించుకొని చూచే లోకం కూడా ఆ తరగతిదే కనుక దానిని "ప్రతిభాసం" అనడం సముచితమని నా అభిప్రాయం. "ఆగ్మెంటెడ్ రియాలిటీ" దీనికి దాయాది. అందులో త్రాడు త్రాడుగానే కనబడుతూ ఉంటుంది, దానిమీద బొమ్మ అదనంగా వచ్చి నిలుస్తుంది. శిథిలాలయం ముందు చేతిఫోను ఎత్తి పట్టుకొంటే ఎదుట మొండిగోడ, తెరలో ఆ గోడపై లేచిన శిఖరం!

పేరు మాట అట్లా ఉంచి, పనిలోకి వద్దాం. ప్రదర్శనశాలలలోను, పురాతన స్థలాలలోను ఈ విద్య వేగంగా ప్రవేశిస్తున్నది. దీనిని చూచి ముక్కు విరిచే పెద్దలు కొందరు, ఇది ఉంటే ఇక రాళ్లతో పనేమిటనే ఉత్సాహవంతులు కొందరు. ఈ విద్యను ఆహ్వానించవలసిందే. అయితే ప్రాచీన గ్రంథాన్ని పరిష్కరించే పండితునికి ఏ నియమాలున్నాయో, ప్రాచీన కట్టడాన్ని తెరమీద నిలబెట్టేవానికీ అవే నియమాలు ఉండాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇంతే.

ముందు దీని మేలు చెప్పుకోవాలి. ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్ర ఆచార్యుడు 2010లో పారిస్‌లోని నోత్ర్ దామ్ చర్చిని లేజరు కిరణాలతో అంగుళమంగుళం కొలిచి పెట్టాడు. 2018లో ఆయన కన్నుమూశాడు. మరుసటి ఏడు ఏప్రిల్ 15న ఆ చర్చి కప్పు తగలబడిపోయింది. దానిని తిరిగి కట్టి 2024 డిసెంబరులో తలుపులు తెరిచేదాకా ఉపకరించిన ఆధారాలలో ఆయన కొలతలూ ఉన్నాయి. వినోదానికన్న ముందు ఇది భద్రపరచే విద్య అని గ్రహించాలి. తాటాకు చివికిపోకముందే ప్రతి వ్రాయించినవాడు చేసిన పుణ్యం ఇందులోనూ ఉన్నది.

ఇక మన సంగతి. ఈ విద్య అవసరం మన అమరావతి స్తూపానికి ఉన్నంతగా మరి దేనికీ లేదనుకొంటాను. ధాన్యకటకంలో కృష్ణ ఒడ్డున క్రీస్తుకు పూర్వమే మొదలై, శాతవాహనుల నాటికి మహాచైత్యంగా పెరిగిన ఆ కట్టడం నేడు ఒక మట్టిదిబ్బ, చుట్టూ కొన్ని రాళ్లు. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అమరావతి పట్టణం కట్టించే రోజులలో ఆ దిబ్బను తవ్వి రాళ్లు కట్టడాలకు వాడుకొన్నారు. ఆ సంగతి తెలిసి మెకంజీ దొర వచ్చి చూచాడు. 1816లో మళ్లీ వచ్చి, దొరికిన శిల్పాలకు బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మలలో ఉన్న శిల్పాలలో కొన్ని ఇప్పుడు ఎక్కడా లేవు! 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసుకు, అక్కడినుండి 1859లో ఓడలమీద లండనుకు తరలిపోయాయి. ఈనాడు బ్రిటిష్ మ్యూజియంలో నూటికి పైగా అమరావతి శిల్పాలున్నాయి. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో మరొక పెద్ద రాశి ఉన్నది. మిగిలినవి అమరావతిలోను, ఇతర మ్యూజియాలలోను ఉన్నాయి. ఒక స్తంభంలో పైముక్క ఒక దేశంలో, క్రిందిముక్క మరొక దేశంలో ఉండే అవస్థ ఇది. ఒక కావ్యపు తాటాకులను నలుగురు దాయాదులు పంచుకొని నాలుగు ఊళ్లకు పట్టుకుపోయినట్లున్నది.

ఈ చెదరిన ఆకులను ఒకచోటికి చేర్చే శక్తి ప్రతిభాసానికి ఉన్నది. ఒక్కొక్క శిల్పాన్ని అన్ని ప్రక్కలనుండి వందలాది ఛాయాచిత్రాలు తీసి, కంప్యూటరు లెక్కలతో వాటిని కలిపితే ఆ రాయి రూపం లోతుపాతులతో సహా తెరమీద సిద్ధమవుతుంది. రాయి కదలనక్కరలేదు. లండను రాతిని, చెన్నై రాతిని తెరమీద ప్రక్కప్రక్కన నిలిపి అంచులు సరిపోతాయేమో చూడవచ్చు. మెకంజీ బొమ్మల ఆధారంతో, పోయిన రాయి ఉండిన చోటును ఖాళీగా చూపవచ్చు.

చిక్కు ఇక్కడినుండే మొదలవుతుంది. స్తూపం అండం ఎంత ఎత్తుండేదో ఎవరికీ నిశ్చయంగా తెలియదు. ఉన్నవి అంచనాలే. శిల్పి స్వయంగా ఫలకాలమీద స్తూపం బొమ్మ చెక్కాడు కాబట్టి దానినిబట్టి కొంత ఊహించవచ్చు. నాలుగు దిక్కులా ఆయక వేదికలు, ఒక్కొక్కదానిపై అయిదేసి స్తంభాలు, ద్వారాలవద్ద సింహాలు అందులో కనబడతాయి. కాని శిల్పి కొలతబద్దతో చెక్కలేదు, భక్తితో చెక్కాడు. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి. లండనులో ఉన్న ప్రసిద్ధ ఫలకం ఒకదానికి ముందువైపు స్తూపం ఉన్నది. అదే రాతి వెనుకవైపు అంతకు కొన్ని వందల ఏళ్ల పూర్వపు వేరొక శిల్పం ఉన్నది. అందులో బుద్ధుని రూపం లేదు, బోధివృక్షమూ ఖాళీ ఆసనమూ ఉన్నాయి. పూర్వుల రాతిని తిప్పి తరువాతివారు మళ్లీ చెక్కుకొన్నారన్నమాట. అంటే అమరావతి స్తూపం ఒక్కటి కాదు, తరతరానికీ మారిన స్తూపం. తెరమీద నిలబెట్టేవాడు ఏ శతాబ్దపు స్తూపాన్ని నిలబెడతాడు?

గ్రంథ పరిష్కరణ విధానం అక్కరకు వచ్చేది ఇక్కడే. బ్రౌను దొర పండితులను కూర్చోబెట్టి ఒకే కావ్యానికి పలు ప్రతులు తెప్పించి పోల్పించాడు. మంచి పరిష్కర్త ఒక ప్రతిలోని పాఠాన్ని మూలంలో ఉంచి, తక్కినవాటిని పాఠాంతరాలని అడుగున చూపుతాడు. అక్షరాలు శిథిలమైనచోట చుక్కలు పెట్టి "గ్రంథపాతం" అంటాడు. అనుమానపు పద్యాన్ని ప్రక్షిప్తమని గుర్తిస్తాడు. తన ఊహతో పూరించినదాన్ని కుండలీకరణంలో పెడతాడు. పూరించడం తప్పు కాదు. పూరించినట్లు చెప్పకపోవడం తప్పు.

ఈ మాట నేనొక్కడినే అంటున్నది కాదు. ప్రాచీన కట్టడాలను కంప్యూటరుపై పునర్నిర్మించేవారు 2006లో "లండన్ చార్టర్" అని ఒక నియమావళి వ్రాసుకొన్నారు. ఏది ఆధారసిద్ధం, ఏది ఊహ, ఆ ఊహకు కారణమేమి అన్నది చూపరికి తెలియాలని అందులోని సారాంశం. మన పరిష్కర్తల ధర్మమే వారి భాషలో! ఆచరణలో మాత్రం తళతళలాడే శిఖరాలు, బంగారు పూతలు, వెనుక సంగీతం, అన్నీ ఒకే నిబ్బరంతో కన్నుల ముందు నిలుస్తాయి. మయసభలో దుర్యోధనునికి జరిగిన పరాభవం గుర్తుకు తెచ్చుకోండి. ఏది నీరో ఏది నేలో చెప్పేవారు లేకపోవడమే ఆయన చిక్కు. మన పిల్లలను ఆ సభలోకి పంపేముందు దిట్టంగా ఉన్న రాయికి ఒక రంగు, ఊహించిన రాతికి మరొక రంగు వేసి చూపితే చాలు, ఎంతో మేలు.

రెండవ భయం ఇంతకంటె లోతైనది. ప్రతిభాసం బాగా కుదిరినకొద్దీ అసలుమీద బాధ్యత సడలుతుంది. "మీ శిల్పాలు తెరమీద చూచుకొంటున్నారు గదా, రాళ్లు మాదగ్గరుంటే ఏమి?" అని దూరదేశపు మ్యూజియం అనవచ్చు. "దిబ్బకు ప్రహరీ ఎందుకు, అద్దాల పెట్టె ఉన్నది గదా" అని మనవారే అనవచ్చు. 2001 మార్చిలో బామియాన్ బుద్ధవిగ్రహాలను పేల్చివేశారు. 2015లో ఆ ఖాళీ గూటిలో చైనా దంపతులొకరు కాంతితో బుద్ధరూపాన్ని నిలిపారు. చూచినవారి మనసు కరిగే ఉంటుంది. కాని దీపం ఆర్పగానే మిగిలినది ఖాళీ గూడే. ఆ కాంతి పోయినదానికి నివాళి అవుతుంది, పరిహారం కాజాలదు.

మూడవది భాష. అమరావతి శాసనాలు ప్రాకృతంలో ఉన్నా, అక్కడి ఒక రాతిముక్కపై ఉన్న "నాగబు" అన్న మాటను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తెలుగు పదంగా గుర్తించారు. ఆ విషయంలో పండితులకు భిన్నాభిప్రాయాలున్నా, ఆ రాయిని తెలుగు పిల్లవాడు తెలుగులో వినిపించే వ్యాఖ్యతో చూడాలి గదా! సహస్రాబ్దాల నాటి దాతల పేర్లు రాళ్లపై ఉన్నాయి. వారిలో స్త్రీలు, గృహస్థులు, చర్మకారుడు కూడా ఉన్నారు. ఆ పేర్లను చదివి వినిపించలేని ప్రతిభాసం ఎన్ని రంగులు వెదజల్లినా మూగదే. ఆ కొలతలూ చిత్రాలూ ఏదో ఒక వ్యాపారసంస్థ పెట్టెలో తాళం వేసి ఉండక, విద్యార్థులందరికీ ఉచితంగా లభించాలన్నది కూడా ఇందులో భాగమే.

నాగార్జునకొండ విషయం మరీ చెప్పనక్కరలేదు. సాగరు జలాలు రాకముందు 1954 నుండి 1960 వరకు ఆ లోయనంతా తవ్వి, కొన్ని కట్టడాలను కొండపైకి, అనుపుకు తరలించారు. తక్కిన విజయపురి నీటి అడుగున ఉన్నది. దానికి తిరిగి వెళ్లే దారి లేదు. తవ్వినవారి పటాలు, కొలతలు మాత్రం ఉన్నాయి. ప్రతిభాసం నిజంగా ఋణం తీర్చగల చోటు అది. ఆ ఇక్ష్వాకు నగరాన్ని తెరమీద నిలపండి. అమరావతికి మాత్రం తెరతో పాటు కాపలాదారూ, నీడా, చదువుకొన్న మార్గదర్శకుడూ కావాలి. పడవలో మునిగిపోయినదానికి ఒక ధర్మం, ఒడ్డున మిగిలినదానికి ఒక ధర్మం.