రాజసపు కార్ల యోగక్షేమాలు

లేనిదానిని పొందడం యోగం, పొందినదానిని కాపాడుకోవడం క్షేమం. ఈ రెండింటినీ కలిపి 'యోగక్షేమాలు' అని తెలుగువారు కుశలప్రశ్నగా వాడుతున్నారు గాని, వస్తువులు కొనేటప్పుడు వీటిని విడివిడిగా లెక్కించుకోవడమే మేలు. విలాసానికి పేరుపొందిన పాత సెడాన్ కార్ల క్రయవిక్రయాలలో ఈ భేదం స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంగ్లండులోని క్రూ పట్టణంలో రోల్స్‌రాయిస్ సంస్థ 1965 నుండి 1980 వరకు తయారుచేసిన సిల్వర్ షాడో ఇందుకు తగిన ఉదాహరణ. చట్రాన్ని, పై నిర్మాణాన్ని వేరువేరుగా కాక ఒకే కట్టడంగా రూపొందించిన తొలి రోల్స్‌రాయిస్ ఇదే. ఎనిమిది సిలిండర్ల ఇంజను, వాల్‌నట్ చెక్క పొదిగిన లోపలి భాగం, మేలైన తోలు ఆసనాలు, రెండు టన్నులు దాటిన బరువు దీని విశేషాలు. ఒకనాడు సంపన్నులకు మాత్రమే అందిన ఈ కారు నేడు బ్రిటన్‌లో ఒక కొత్త సాధారణ కుటుంబ వాహనం వెలకంటె తక్కువకే లభించడం కద్దు.

ఈ చౌకదనానికి కారణాలు లేకపోలేదు. సోదర నమూనాలతో కలిపి ఇవి ముప్పయి వేలకు పైగా తయారయ్యాయి. రోల్స్‌రాయిస్ చరిత్రలో అది పెద్ద సంఖ్య. పైగా పాత కార్లను సేకరించేవారి మనస్సు నాలుగు తలుపుల సెడాన్ మీద కంటె రెండు తలుపుల కారు మీదికే పోతుంది. సిల్వర్ షాడో యంత్రభాగాలనే కలిగి, పైకప్పు మడిచే వీలున్న కార్నిష్ అనే కారు దీనికి ఎన్నో రెట్లు అధికంగా పలుకుతుంది. మరమ్మతు ఖర్చులో మాత్రం రెండింటికీ పెద్ద తేడా లేదు. మెకానిక్ కూలి, విడిభాగాల వెల కారు విపణి విలువను చూసి తగ్గవు కదా!

అసలు చిక్కు బ్రేకులలో ఉంది. ఫ్రాన్సుకు చెందిన సిట్రోయెన్ సంస్థ అనుమతితో గ్రహించిన అధికపీడన ద్రవవ్యవస్థ ఈ కారు బ్రేకులను పనిచేయిస్తుంది, కారు ఎత్తును సమంగా నిలుపుతుంది. ఇంజను నడిపే పంపులు, పీడనాన్ని నిల్వచేసే గోళాలు, అనేక రబ్బరు గొట్టాలు అందులో ఉంటాయి. కారు వాడినా వాడకపోయినా ఆ రబ్బరు కాలక్రమాన చెడిపోతుంది. దానికి నిర్దేశించిన ద్రవం తప్ప మరొకటి పోయరాదు. ఈ వ్యవస్థను పూర్తిగా పునరుద్ధరించాలంటే వేల పౌండ్లు కావాలి. లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే నడిచే కారుకు ఇంధనం ఖర్చే చిన్న ఖర్చుగా తోచే సందర్భమిది.

ఏనుగును చౌకగా కొన్నవాడు మేత విషయంలో వెనుకాడితే ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. వెల చూసి మురిసి కొన్నవారు గొట్టాలు మార్చడాన్ని ఏడాదికేడాది వాయిదా వేస్తారు. చివరకు మరమ్మతు ఖర్చు కారు విలువను మించుతుంది. అప్పుడు దానిని విడగొట్టి భాగాలుగా అమ్మడమే లాభసాటి అవుతుంది. ఒక కారు భాగాలు మరికొన్నింటిని బ్రతికిస్తాయన్న మాట నిజమే. అయితే విడగొట్టేలోపు ఆ బలహీనమైన బ్రేకులతో అది రోడ్డు మీద తిరిగిన కాలం సంగతేమిటి? బ్రిటన్‌లో నలభై ఏళ్లు దాటిన కార్లకు, పెద్ద మార్పులు చేయనిపక్షంలో, వార్షిక తనిఖీ నుండి 2018లో మినహాయింపు లభించింది. తేలికపాటి పాత వాహనాలకు ఇది చెల్లవచ్చు. రెండు టన్నుల సిల్వర్ షాడోకు మాత్రం ఈ దయ తగదు. ఇది యజమాని జేబుకు సంబంధించిన విషయం కాదు, ఎదుట రోడ్డు దాటే మనిషి ప్రాణానికి సంబంధించినది.

భారతదేశం 2021లో చేసిన నియమాలు మరొక దారి పట్టాయి. యాభై ఏళ్లు దాటి, మౌలికరూపం మారని వాహనాలను 'వింటేజ్' వాహనాలుగా గుర్తించి, కొత్త నమోదుకు 20,000 రూపాయల రుసుమును నిర్ణయించాయి. వాటిని నిత్యవ్యవహారాలకు, వ్యాపారానికి వాడరాదు. చివరి సిల్వర్ షాడోలు 2030 నాటికి ఆ వయస్సుకు చేరుతాయి. వాడకానికి హద్దు పెట్టడం మంచిదే గాని, కదలని కారులో రబ్బరు బిగుసుకుపోతుందన్న సంగతిని యజమానులు మరువరాదు.

అనుభవజ్ఞులు ఇటువంటి కారును చూడబోయినప్పుడు మెరుగుపెట్టిన రంగును అంతగా పట్టించుకోరు. తలుపుల కింది అంచులలో తుప్పు ఉందేమో తడిమి చూస్తారు. బ్రేకు ద్రవం చివరిసారి ఎప్పుడు మార్చారో అడుగుతారు. గత ఇరవై ముప్పయి ఏళ్ల మరమ్మతు రసీదులు చూపగల యజమాని కొంత ఎక్కువ వెల చెప్పినా, బేరానికి పట్టుబట్టరు.