ఒక్క రూపాయి కూడా రాని ఈ డబ్బా నా టేబుల్ మీద ఎందుకుంది?

ఈసారి ఫోన్ రివ్యూ కాదు. స్కోర్ ఇవ్వడానికి కెమెరా లేదు, బ్యాటరీ లేదు. ఉన్నదల్లా ఒక డబ్బా, దాని వెనక ఒక గోల.

నా రౌటర్ పక్కన అరచేతిలో పట్టేంత డబ్బా ఒకటుంది. రాస్‌ప్‌బెర్రీ పై 4, 8 జీబీ ర్యామ్ మోడల్. దాని యూఎస్‌బీ 3.0 పోర్ట్‌కి 1 టీబీ ఎస్ఎస్‌డీ తగిలించాను. ఏడాదికి పైగా రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంది. రూముకొచ్చిన ప్రతి ఫ్రెండూ అడిగేది ఒకటే. "ఎంతొస్తుంది రా దీని మీద?"

ఏమీ రాదు. పైగా నెలకి ఐదారు యూనిట్ల కరెంటు తింటుంది.

అది బిట్‌కాయిన్ ఫుల్ నోడ్. చాలామంది మైనింగ్ మెషీన్ అనుకుంటారు, కాదు. మైనర్లు బ్లాకులు తయారుచేస్తారు, వాళ్లకి రివార్డ్ వస్తుంది. నోడ్ చేసేది ఆ బ్లాకులు రూల్స్ ప్రకారం ఉన్నాయా లేదా అని సరిచూడటం. తప్పు బ్లాక్ వస్తే అది ఎంత పెద్ద మైనర్ పంపినా సరే, పక్కన పడేస్తుంది. ఈ పనికి ఎవరూ డబ్బులివ్వరు. అయినా నేను ఒక బ్లాక్‌చెయిన్ కమ్యూనిటీలో నిజంగా చేరింది ఈ డబ్బా పెట్టిన రోజేనని నా అభిప్రాయం. అంతకుముందు కూడా ఒకదాంట్లో ఉన్నా. ఆ సంగతి చెప్పకపోతే ఇది అర్థం కాదు.

2021 చివర్లో ఒక టోకెన్ టెలిగ్రామ్ గ్రూప్‌లో చేరాను. పేరు అనవసరం, ఇప్పుడు అది లేదు కూడా. పొద్దున లేవగానే గుడ్ మార్నింగ్ స్టిక్కర్, మధ్యాహ్నం మీమ్స్, రాత్రి ఎవరైనా డౌట్ అడిగితే వాడి మీద గుంపుగా పడటం. మూడు నెలల్లో నన్ను మోడరేటర్‌ని చేశారు. ఏదో కలెక్టర్ పోస్ట్ వచ్చినంత ఫీలయ్యా. ఆ ఊపులో గుంటూరులో ఉండే మా పిన్ని కొడుక్కి చెప్పా. వాడికి అప్పుడే మొదటి ఉద్యోగం. "అన్నయ్యా, నువ్వు చెప్తే చాలు" అని 35 వేలు పెట్టాడు.

2022 వేసవికి అడ్మిన్లు మాయం. గ్రూప్‌లో మెసేజ్‌లు పెట్టడం ఆపేశారు. ఆ ఏడాది నుంచే మన దేశంలో క్రిప్టో లాభాల మీద 30 శాతం ట్యాక్స్ వచ్చింది. దాంట్లో నష్టపోతే ఆ నష్టాన్ని వేరే ఏ ఆదాయంలోనూ చూపించి తగ్గించుకోవడానికి లేదు. అంటే వాడి 35 వేలు అన్ని రకాలుగా పోయాయి. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. ఒక పెళ్లిలో భోజనాల దగ్గర మాత్రం నెమ్మదిగా అడిగాడు, "అన్నయ్యా, ఆ గ్రూప్ ఇంకా ఉందా?" అని. తిట్టినా బాగుండేది.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే తేలింది ఇది. ఆరు నెలలు రోజుకి మూడు గంటలు ఆ గ్రూప్‌కి ఇచ్చా. ఆ టైంలో ఒక్కసారి కూడా ఆ ప్రాజెక్ట్ కోడ్ చూడలేదు. చూద్దామన్నా చూపించడానికి అక్కడ ఏమీ లేదు. నేను కమిట్‌మెంట్ అనుకున్నది ఒట్టి చప్పట్లు కొట్టడమే. నేనొక్కణ్నే కాదులెండి. టెర్రా కమ్యూనిటీ వాళ్లు తమని తాము గర్వంగా "లునాటిక్స్" అని పిలుచుకునేవాళ్లు. 2022 మే నెలలో, 80 డాలర్ల దగ్గరున్న లునా కాయిన్ కొద్ది రోజుల్లోనే పైసల్లోకి పడిపోయింది. వాళ్లకి భక్తి తక్కువై కాదు.

సరే, డబ్బా దగ్గరికొద్దాం.

సాఫ్ట్‌వేర్ బిట్‌కాయిన్ కోర్, ఫ్రీ. డౌన్‌లోడ్ చేశాక ఫైల్ అసలుదేనా అని సంతకాలు సరిచూసుకోమని వాళ్లే చెబుతారు. "మమ్మల్ని నమ్మండి" అని కాకుండా "మమ్మల్ని కూడా చెక్ చేసుకోండి" అన్న మొదటి కమ్యూనిటీ నాకు ఇదే. తర్వాత సింక్. 2009 జనవరి 3 నాటి మొదటి బ్లాక్ నుంచి ఇవాళ్టి దాకా అన్నీ దింపుకోవాలి. సైజ్ 600 జీబీ దాటేసింది. నా పై మీద ఐదు రోజులు పడుతుందనిపించింది, మూడో రోజు కరెంటు పోయింది. డేటాబేస్ పాడైంది. డౌన్‌లోడ్ చేసినవి పోలేదు గానీ మొదటి బ్లాక్ నుంచి మళ్లీ సరిచూడటం మొదలుపెట్టింది. ఆ రోజే రౌటర్‌కీ దీనికీ కలిపి చిన్న యూపీఎస్ కొన్నా. మీరూ పెడదామనుకుంటే ముందు యూపీఎస్ కొనండి, ఎస్ఎస్‌డీ తర్వాత.

ఇంకో తలనొప్పి మన బ్రాడ్‌బ్యాండ్‌లు. చాలా కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని బోలెడంత మంది కస్టమర్లకి పంచుతాయి. దాంతో బయటి నోడ్లు మన నోడ్‌కి కనెక్ట్ అవ్వలేవు. మనం బయటికి వెళ్లగలం, మన దగ్గరికి ఎవరూ రాలేరు. రౌటర్‌లో 8333 పోర్ట్ ఎంత తెరిచినా లాభం లేదు. రెండు రాత్రులు కొట్టుకున్నాక టార్ పెట్టుకుంటే సరిపోతుందని తెలిసింది. పెట్టిన కాసేపటికి లాగ్‌లో మొదటి ఇన్‌బౌండ్ కనెక్షన్ కనిపించింది. ఎక్కడో ఎవరిదో కొత్త నోడ్, పాత బ్లాకులు కావాలని నా డబ్బాని అడుగుతోంది. మోడరేటర్ పోస్ట్ ఇచ్చినప్పుడు కూడా అంత ఆనందం వెయ్యలేదు.

ఒక్క నోడ్‌తో ఏమవుతుంది అంటారా? నిజమే, నాది ఇప్పుడు ఆపేసినా ఎవరికీ తెలీదు. కానీ 2017లో ఏం జరిగిందో చూడండి. ఆ మే నెలలో 50కి పైగా కంపెనీలు, 80 శాతానికి పైగా మైనింగ్ పవర్ తమతో ఉందంటూ, న్యూయార్క్‌లో ఒక ఒప్పందానికి వచ్చాయి. సెగ్‌విట్ అనే అప్‌గ్రేడ్ ముందు వస్తుంది, ఆ తర్వాత బ్లాక్ సైజ్ రెట్టింపు చేస్తాం అని. ఇంకోపక్క మామూలు యూజర్లు ఆగస్టు 1 నుంచి సెగ్‌విట్‌కి ఒప్పుకోని బ్లాకులని తమ నోడ్లు తీసుకోవని తేల్చి చెప్పారు. ఆగస్టు 24న సెగ్‌విట్ వచ్చింది. బ్లాక్ సైజ్ రెట్టింపు ప్లాన్‌ని నవంబర్ 8న విరమించుకున్నారు. దీంట్లో నోడ్ల పాత్ర ఎంత, వేరే కారణాలు ఎంత అనేది ఇప్పటికీ వాదనే. నా మటుకు నాకు, అన్ని కంపెనీలు ఒకవైపు నిలబడినా రూల్ మార్చలేకపోవడం చిన్న విషయం కాదు.

ఈ కమ్యూనిటీ కూడా గొప్ప సంస్కారవంతులదేం కాదు. రేటు పెరిగితే ఎగిరేవాళ్లు, వేరే కాయిన్ పేరెత్తితే కరిచేవాళ్లు ఇక్కడా బోలెడు. మైనింగ్ కరెంటు ఖర్చు మీద సూటిగా అడిగితే ముఖం తిప్పుకునేవాళ్లూ ఉన్నారు, నాకు నచ్చదు. తేడా ఒకటే, వాళ్లతో పని లేకుండా పని చేసుకోవచ్చు. కొత్త వెర్షన్ రిలీజ్‌కి ముందు రిలీజ్ క్యాండిడేట్ వస్తుంది, దాంతో పాటు ఎలా టెస్ట్ చెయ్యాలో గైడ్ ఉంటుంది. నేను పై మీద నడిపి చూస్తా. కోడ్ చదవగలిగితే గిట్‌హబ్‌లో రివ్యూ చెయ్యచ్చు, అక్కడ కొత్త ఫీచర్లు రాసేవాళ్లకంటే రివ్యూ చేసేవాళ్ల కొరతే ఎక్కువ. కోడింగ్ రాకపోతే అనువాదం ఉంది, ట్రాన్సిఫెక్స్‌లో ఎవరైనా చేరచ్చు. "నోడ్", "పీర్" లాంటి మాటలకి తెలుగు వెతుకుతూ ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నా. చివరికి నోడ్‌ని నోడ్ అనే ఉంచేశా.

వారానికి ఒక సాయంత్రం, అంతే నేనిచ్చేది. కాయిన్లు కొనమని ఎవరికీ చెప్పను, చెప్పే అర్హత 35 వేలప్పుడే పోయింది. ఏదైనా బ్లాక్‌చెయిన్ గ్రూప్‌లో మిమ్మల్ని చేరమంటే మాత్రం ఒక్కటి అడగండి. "నేను ఒక్క కాయిన్ కూడా కొనకపోతే ఇక్కడ నాకేం పనుంది?" అని. జవాబు చెప్పకుండా బ్లాక్ చేస్తే మీ డబ్బులు మిగిలినట్టే.

మొన్న దసరాకి మా తమ్ముడు రూముకొచ్చాడు. డబ్బాని చాలాసేపు చూసి, "దీంట్లో డబ్బులు పెట్టాలా?" అన్నాడు. వద్దురా, డిస్క్ పెట్టాలి అన్నా. నవ్వాడు. వాడి దగ్గర బ్యాటరీ పోయిన పాత లాప్‌టాప్ ఉంది, డిస్క్ 256 జీబీనే. అందుకని ప్రూన్డ్ నోడ్ పెట్టాం. అది కూడా అన్ని బ్లాకులూ దింపుకుని సరిచూస్తుంది, కాకపోతే చూసేసిన పాతవి చెరిపేస్తూ పోతుంది. 2019 బ్లాకుల దాకా వచ్చిందని రోజూ స్క్రీన్‌షాట్లు పంపేవాడు.

నిన్న రాత్రి గుంటూరులో కరెంటు పోయిందట. డేటాబేస్ పాడైంది. ప్రూన్డ్ కదా, ఈసారి డౌన్‌లోడ్ కూడా మొదటి నుంచే. యూపీఎస్ గురించి ముందే చెప్పనందుకు సారీ రా అన్నా.

"పర్లేదులే అన్నయ్యా, ఈసారి పోయింది కరెంటే కదా" అన్నాడు.