చేసినవాడు వాక్యంలో ఎక్కడ?

మా సలహా కేంద్రంలో నేను నోటుపుస్తకం తెరిచి రాసుకునే మొదటి వాక్యం చాలాసార్లు ఒకేలా ఉంటుంది. "ప్రేమించానన్నాడు, పెళ్లి చేసుకుంటానన్నాడు, ఇప్పుడు కాదంటున్నాడు" అంటుంది వచ్చిన అమ్మాయి. ఆమె వెనకాల బెంచీ మీద కూర్చున్న తల్లో, మేనత్తో అదే సంగతిని ఇంకోలా చెబుతారు: "మా పిల్ల మోసపోయిందమ్మా."

ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి వాక్యంలో అన్నవాడు, ఆశ పెట్టినవాడు, కాదన్నవాడు అందరూ అతనే. రెండో వాక్యంలో అతను లేడు. చేసినవాడు వాక్యంలోంచి మాయమై, మిగిలింది ఆమె ఒక్కతే. జారిపోయిన పాత్రలాగా, తప్పిపోయిన పశువులాగా "మోసపోయింది". పోలీసు స్టేషన్లో, ఊరి పంచాయతీలో, చివరికి కోర్టులో కూడా విచారణ జరిగేది ఈ రెండో వాక్యం మీదే. ఎందుకు నమ్మావు? ఎన్నాళ్లు తిరిగావు? చదువుకున్నదానివి కదా?

ఈ సంచిక పని చూస్తూ, ఎప్పుడో ఎం.ఏ.లో చదివిన మధ్యయుగాల యూరప్ సాహిత్యాన్ని మళ్లీ ముందేసుకున్నాను. 12వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా ఆ సాహిత్యమంతా ప్రేమ గురించే. దొరసానికి మోకరిల్లే వీరులు, విరహాలు, రహస్య సంకేతాలు. ఆ రోజుల్లో మాకు దాన్ని స్త్రీని పూజించిన సాహిత్యం అనే చెప్పారు. ఇన్నేళ్లు కేసుల మధ్య గడిపిన కళ్లతో చదివితే అది మరోలా కనిపించింది. ఆ పూజ ఎక్కడ ముగుస్తుందో, మోసం ఎక్కడ మొదలవుతుందో, బలవంతం ఏ వాక్యంలో చేరిపోతుందో వేలు పెట్టి చూపించవచ్చు.

12వ శతాబ్దం చివర్లో ఆండ్రియాస్ కాపెల్లానస్ అనే మతగురువు ప్రేమకళ మీద లాటిన్‌లో ఒక శాస్త్రమే రాశాడు. గొప్పింటి స్త్రీతో ఎలా మాట్లాడాలో, ఎంత వినయం చూపాలో పేజీలకు పేజీలు సంభాషణలు రాసి చూపించాడు. రైతు స్త్రీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలా పొదుపుగా తేల్చేశాడు. వాళ్లను కాసిని పొగడ్తలతో మెత్తబరిచి, వీలైన చోటు దొరికితే కాస్త బలం వాడటానికి వెనుకాడొద్దన్నాడు. ప్రేమ మర్యాదలన్నీ కోటగోడల లోపలి స్త్రీలకే. పొలంలో పనిచేసే స్త్రీకి ఆ శాస్త్రంలో 'వద్దు' అనే మాటే లేదు. పై కులం అబ్బాయి కూలి పనికొచ్చే పిల్లకు మాటిచ్చి, తీరా పెళ్లిమాట ఎత్తగానే "మా కులం ఒప్పుకోదు" అంటే, ఆ కులం మొదటిరోజే ఎందుకు గుర్తురాలేదని అడిగే మనకు ఈ శాస్త్రం కొత్తేమీ కాదు.

అదే శతాబ్దంలో 'పాంఫిలస్' అని మరో లాటిన్ కావ్యం వచ్చింది. పాంఫిలస్ గలాతియాను కోరుకుంటాడు. డబ్బు తీసుకున్న ఒక ముసలామె గలాతియాను మంచిమాటలతో తన ఇంటికి రప్పించి, ఏదో వంకతో బయటికి వెళ్లిపోతుంది. ఆ పిల్ల వద్దంటున్నా అతను బలాత్కరిస్తాడు. తిరిగొచ్చిన ముసలామె ఏమీ ఎరగనట్టు నటించి, చివరికి ఇద్దరికీ పెళ్లి చేసుకోమని తీర్పు చెబుతుంది. ఇది చాటుమాటుగా చదివిన పుస్తకం కాదు. బడిలో మగపిల్లలు లాటిన్ నేర్చుకునేందుకు చదివిన పాఠం. ఈ చిన్న పుస్తకం ఎంతగా చేతులు మారిందంటే, మనం సభలకూ ఊరేగింపులకూ పంచే కరపత్రాన్ని ఇంగ్లీషులో 'పాంఫ్లెట్' అనడం దీని పేరునుంచే వచ్చింది. అత్యాచారం చేసినవాడికే ఇచ్చి పెళ్లిచేసి 'సర్దుబాటు' అనే పెద్దలను చూసినప్పుడల్లా నాకిప్పుడు ఆ ముసలామె గుర్తొస్తోంది.

ప్రేమకావ్యాల్లో మకుటంలాంటిదంటారు ట్రిస్టన్, ఇసోల్ద్‌ల కథను. 13వ శతాబ్దం మొదట్లో జర్మన్‌లో దీన్ని గాట్‌ఫ్రీడ్ రాశాడు. రాజుతో పెళ్లికి ముందే ఇసోల్ద్ ట్రిస్టన్‌ను ప్రేమించింది. ఆ సంగతి బయటపడకుండా పెళ్లిరాత్రి చీకట్లో రాజు పక్కకు ఆమె తన చెలికత్తె బ్రాంగేన్‌ను పంపుతుంది. తరవాత, ఆమె నోరు విప్పుతుందేమోనన్న భయంతో ఆమెను అడవికి పంపి చంపించబోతుంది కూడా. ప్రేమికుల కోసం కన్నీరు పెట్టిన పాఠకులు ఎందరో. బ్రాంగేన్ శరీరం ఎవరి ప్రేమకు మూల్యమైందని అడిగినవాళ్లు తక్కువ. స్త్రీలందరం ఒకటే అని మనం ఎంత సులువుగా అనేస్తామో, ఇంట్లో పనిచేసే స్త్రీ దగ్గర ఆ మాట ఎంత తొందరగా తడబడుతుందో ఈ కథ గుర్తుచేస్తుంది.

ఇన్ని మోసాలు మగవాళ్ల చేతుల మీదుగా నడిచినా, ఆ సాహిత్యంలో మోసగత్తె అన్న బిరుదు మాత్రం స్త్రీదే. భార్యల కపటం మీద పుస్తకాలకు లెక్కలేదు. చాసర్ తన 'కాంటర్‌బరీ కథల్లో' బాత్ ఊరి ఇల్లాలి చేత ఆ సంగతే చెప్పిస్తాడు. ఆమె ఐదో మొగుడు చెడ్డ పెళ్లాల కథలున్న పుస్తకాన్ని రోజూ రాత్రి ఆమెకు చదివి వినిపిస్తూ నవ్వుకుంటాడు. ఓపిక నశించి ఆమె పేజీలు చించేస్తే, అతను కొట్టిన దెబ్బకు ఆమెకు ఒక చెవి వినపడకుండా పోతుంది. సింహాన్ని మనిషి చంపినట్టు బొమ్మ వేసింది ఎవరు, సింహమే కుంచె పడితే బొమ్మ ఎలా ఉండేది అన్న అర్థంలో ఆమె అడిగే ప్రశ్న ఈనాటికీ మన ప్రశ్నే.

కానీ ఆ ఇల్లాలు చెప్పే కథలో కూడా ఒక ఖాళీ ఉంది. ఆర్థర్ రాజు కొలువులోని ఒక వీరుడు దారిలో ఒంటరిగా కనిపించిన అమ్మాయిని బలాత్కరిస్తాడు. అతనికి మరణశిక్ష పడుతుంది. రాణి అడ్డుపడి, స్త్రీలు అన్నిటికన్నా ఎక్కువగా కోరుకునేదేమిటో ఏడాదిలో తెలుసుకుని రమ్మంటుంది. తమ మీద తమదే అధికారంగా ఉండటం అన్న జవాబు అతనికి ఒక ముసలామె చెబుతుంది. ఆమే అతనికి భార్య అయి, చివరికి పడుచు అందగత్తెగా మారుతుంది. స్త్రీ స్వేచ్ఛ గురించిన కథ అని మా క్లాసులో మెచ్చుకున్నాం. ఆ మొదటి అమ్మాయి ఏమైందని మాలో ఒక్కరం కూడా అడగలేదు. కథ నడవడానికి ఆమె గాయం కావాలి. అది నడవడం మొదలయ్యాక ఆమెతో పని లేదు. ఎఫ్.ఐ.ఆర్. నమోదైన రోజు నుంచి రాజీపత్రం రాసిన రోజు దాకా ఎన్ని కేసుల్లో ఇదే జరగలేదు?

చాసర్ పాత్ర అయిన ఆ ఇల్లాలి ప్రశ్నను ఒక నిజమైన స్త్రీ తన సొంత పేరుతో అడిగింది. ఆమె క్రిస్టీన్ ద పిజాన్. 1364లో వెనిస్‌లో పుట్టి, ఫ్రాన్సు రాజు దగ్గర జ్యోతిష్కుడిగా, వైద్యుడిగా పనిచేసిన తండ్రితో పాటు పారిస్‌లో పెరిగింది. 15 ఏళ్లకు పెళ్లి, 25 ఏళ్లకు వైధవ్యం. పిల్లలు, తల్లి, మేనకోడలు ఆమె మీద ఆధారపడ్డారు. భర్తకు రావలసిన బకాయిల కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. తరవాత రాతనే బతుకుతెరువు చేసుకుంది.

ఆ కాలంలో అందరి నోటా ఉన్న కావ్యం 'గులాబీ కథ'. 1230 ప్రాంతంలో గియోమ్ ద లోరిస్ మొదలుపెడితే, సుమారు 40 ఏళ్లకు జాన్ ద మెన్ పూర్తిచేశాడు. దాదాపు 22 వేల పంక్తులు. ప్రేమికుడు ఒక గులాబీ మొగ్గను కోరుకుంటాడు. ఆ గులాబీకి నోరు లేదు. దాని తరఫున మాట్లాడేది 'స్వాగతం' అనే మగపాత్ర. ప్రేమదేవుడి సైన్యంలో 'కపటవేషం' అనే సైనికుడు ఉన్నాడు. సన్యాసి వేషంలో వెళ్లి కోట ద్వారం దగ్గర కావలివాణ్ణి గొంతు నులిమి చంపేది వాడే. చివర్లో కోట ముట్టడి, ఆ తరవాత గులాబీని కోయడం. ప్రేమ సైన్యంలో కపటానికి అధికారికంగా ఉద్యోగం ఇచ్చిన కావ్యం ఇది.

1401లో రాజుగారి కొలువులోని ఒక పండితుడు ఈ కావ్యాన్ని ఆకాశానికెత్తుతూ రాస్తే, క్రిస్టీన్ దాన్ని ఖండిస్తూ ఉత్తరం రాసింది. గోంతియే కోల్ అనే రాజకార్యదర్శి వెంటనే ఆమెను మాట వెనక్కి తీసుకోమన్నాడు. ఆడదానివి కాబట్టి అహంకారంతో, ఆవేశంతో రాశావన్న ధోరణి అతనిది. ఆమె తీసుకోలేదు. పారిస్ విశ్వవిద్యాలయ అధిపతి జాన్ జెర్సన్ ఆమె పక్షాన నిలిచాడు. ఒక మగవాడు అనుమానం వచ్చినప్పుడల్లా ఈ పుస్తకం తీసి చదివి, రెచ్చిపోయి భార్యను కొడుతున్నాడని ఆమె ఒక ఉత్తరంలో రాసింది. చాసర్ కథలో ఊహించిన దెబ్బకు, పారిస్‌లో ఒక ఇంట్లో నిజంగా పడ్డ దెబ్బకు మధ్య దూరం ఎంత తక్కువో చూడండి.

ఆమె వాదనల్లో అన్నిటికన్నా పదునైనది వివాదానికి రెండేళ్ల ముందే, 1399లో ప్రేమదేవుడి పేరున రాసిన ఒక కావ్యంలో ఉంది. స్త్రీలు అంత చపలచిత్తులైతే, అంత సులువుగా లొంగేవాళ్లే అయితే, వాళ్లను గెలవడానికి ఇన్ని ఎత్తులు, ఇన్ని అబద్ధాలు, ఇంత శ్రమ ఎందుకు? బలహీనమైన కోటకు అంత పెద్ద ముట్టడి ఎందుకు? ఇన్ని మాటలూ పుస్తకాల్లోకి ఎలా ఎక్కాయన్న దానికీ ఆమె దగ్గర జవాబుంది: ఆ పుస్తకాలు స్త్రీలు రాసినవి కావు. 1405లో రాసిన 'స్త్రీల నగరం'లో, స్త్రీలు బలాత్కారాన్ని లోలోపల కోరుకుంటారన్న మాటను సూటిగా తిప్పికొట్టింది.

సాహిత్యం ఇలా ఉంటే చట్టం ఎలా ఉంది? 12వ శతాబ్దంలో చర్చి న్యాయం పెళ్లికి ఇద్దరి సమ్మతే ప్రాణం అని తేల్చింది. "నిన్ను పెళ్లి చేసుకుంటున్నాను" అని వర్తమానంలో ఒకరికొకరు చెప్పుకుంటే చాలు, పెళ్లి అయినట్టే. "చేసుకుంటాను" అని భవిష్యత్తులో చెప్పినా, ఆ మాట మీద కలిసి ఉంటే అదీ పెళ్లే. కాగితం మీద స్త్రీకి ఇంత బలమైన నియమం మరొకటి ఉండదనిపిస్తుంది. కానీ అతను "నేనెప్పుడూ అనలేదు" అంటే? మామూలుగా ఇద్దరు సాక్షులు కావాలి. తోటలో, పశువుల కొట్టంలో ఇచ్చిన మాటకు సాక్షులెక్కడ దొరుకుతారు? అలాంటి వ్యాజ్యాలెన్నో ఆనాటి చర్చి కోర్టుల రికార్డుల్లో ఉన్నాయి. చివరికి 1563లో ట్రెంట్ మతసభ, మతగురువు, సాక్షులు లేని పెళ్లి చెల్లదని తేల్చేసింది. రహస్యపు పెళ్లి చిక్కు తీరింది. మాటిచ్చి తప్పుకునేవాడికీ దారి సుగమమైంది.

2024 జులై 1 నుంచి మన దేశంలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 69వ సెక్షన్ ఉంది. నెరవేర్చే ఉద్దేశం లేకుండా పెళ్లి చేసుకుంటానని మాటిచ్చి గానీ, ఉద్యోగం ఆశ చూపడం, ఎవరో దాచిపెట్టి పెళ్లాడటం లాంటి మోసంతో గానీ లైంగిక సంబంధం పెట్టుకుంటే పదేళ్ల దాకా జైలు. మొదటినుంచీ అబద్ధమైన మాట వేరు, తరవాత నిలబెట్టుకోలేకపోయిన మాట వేరు అని సుప్రీంకోర్టు అంతకుముందే పలు తీర్పుల్లో చెప్పింది. ఈ తేడా న్యాయమైనదే. ప్రేమ విఫలమైన ప్రతిసారీ ఎవరో ఒకరు జైలుకు వెళ్లాలని మనమూ కోరడం లేదు. పిల్ల ఇష్టపడి వెళ్లిన సంబంధాన్ని తల్లిదండ్రులు కేసుగా మార్చే ప్రమాదాన్నీ మనం చూస్తూనే ఉన్నాం.

అయితే అతని ఉద్దేశాన్ని తేల్చవలసిన విచారణ ఆమె శీలం మీదికి జారిపోతే, చట్టం పేరు మారినా మనం గులాబీ తోటలోనే ఉన్నట్టు. పెళ్లి జరిగితే తప్పు మాసిపోతుందనుకుంటే, ఇంకా ఆ ముసలామె ఇంట్లోనే ఉన్నట్టు. అందుకే కేంద్రాల్లో పనిచేసే మిత్రులకు నా మనవి ఒకటే. మొదటిరోజు రాసుకునే కాగితంలో అతను ఏమన్నాడు, ఎప్పుడన్నాడు, ఎవరి ముందు అన్నాడు, ఆ తరవాత ఏం చేశాడు అన్నవి ముందు రాయండి. ఆమె ఏం కోరుకుంటోందో ఆమె మాటల్లోనే రాయండి. అది పెళ్లి కావచ్చు, కేసు కావచ్చు, రెండూ కాకపోవచ్చు. ఆ నిర్ణయం పెద్దలది కాదు, మనదీ కాదు.

1402లో క్రిస్టీన్ ఆ వివాదంలోని ఉత్తరాలను ఒకచోట చేర్చి ఫ్రాన్సు రాణికి పంపింది. ఎదుటివాళ్లు రాసినదాన్ని కూడా అందులో చేర్చింది. ఆ కట్ట మిగిలింది కాబట్టే ఆరువందల ఏళ్ల తరవాత మనం ఆమె ప్రశ్నను చదవగలుగుతున్నాం. మన బీరువాల్లో దుమ్ముపట్టిన నోటుపుస్తకాలకు కూడా అంత విలువుంది. వాటిలో "మోసపోయింది" అని రాసిన ప్రతిచోటా ఎవరు మోసం చేశారో కూడా రాసి ఉందో లేదో ఒకసారి తీసి చూద్దాం. నావి నేను ఈ వారమే తీశాను. చాలాచోట్ల లేదు.